పాత సామాను బేరం

పాత సామాను బేరం మనకి కొత్తేమీ కాదు. పాత చీరెలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్న తరం మనది. జరీ చీరె అయితే బేసిను, నూలు చీరెలు నాలుగిస్తే ఒక గరిటె. గిన్నెలవాణ్ణి గుమ్మంలో కూచోబెట్టి గంటసేపు బేరమాడి, చివరికి "నాకేం మిగల్లేదమ్మా" అని అతనూ, "ఇంత పల్చని గిన్నె అంటగట్టాడు" అని మనమూ ఎవరికి వారు సణుక్కుంటూ లేవడం అదో ముచ్చట. కంచు గ్లాసు పాతదైతే మరీ మంచిదంటాం. టేకు మంచం యాభయ్యేళ్ళనాటిదైతే ఇంటికొచ్చిన చుట్టాలకి పనిగట్టుకుని చూపిస్తాం. అలాంటి మనం, "పాత కంప్యూటరు పార్టులు కొన్నాం" అని ఎవరైనా చెబితే మాత్రం మొహం అదోలా పెడతాం. అయ్యో పాపం, కొత్తది కొనుక్కోలేకపోయారు కాబోలు అనుకుంటాం.

నామోషీ ఒక్కటే కాదు లెండి, భయం కూడా. కంచు మోగించి చూస్తాం. కుండని వేలితో కొట్టి చూస్తాం. వంకాయకి తొడిమ, బెండకాయకి కొస. కంప్యూటరు పార్టుకి ఏ కొస విరిచి చూడాలి? అది తెలియకనే భయం. తెలిశాక చూస్తే అదీ ఒక కూరగాయల బజారే.

ఇంతకీ నాకీ గొడవ ఎందుకు తగులుకుందో చెప్పాలి కదూ.

మా చెల్లెలి భర్త 2024లో పోయాడు. పిల్ల ఒక్కతే. బి.కాం. పూర్తిచేసి ఒక ఆడిటరుగారి దగ్గర పనికి కుదిరింది. ఆఫీసుకి వెళ్ళక్కర్లేదు. ఇంట్లోనే కూచుని నలుగురైదుగురు చిన్న వ్యాపారస్తుల లెక్కలు టాలీలో ఎక్కించి, జి.ఎస్.టి. రిటర్నులు సిద్ధం చెయ్యాలి. ఈ రిటర్నులున్నాయి చూశారూ, అవి అమావాస్య, పౌర్ణమిల్లాంటివి. ఎవరి కోసమూ ఆగవు. నెలనెలా దాఖలు చేసేవాళ్ళకి అమ్మకాల లెక్క 11వ తేదీకి, పన్ను కట్టే రిటర్ను 20వ తేదీకి. పన్నున్న రిటర్ను గడువు దాటితే రోజుకి 50 రూపాయల చొప్పున ఆలస్యపు రుసుము. ఆ రుసుము వ్యాపారి కడతాడనుకోండి, మాట పడేది మాత్రం పిల్ల.

ఇంట్లో కంప్యూటరు వుంది. 2014లో వాళ్ళ నాన్న ముచ్చటపడి, పార్టులు ఏరి కొని అసెంబుల్ చేయించినది. పొద్దున్నే మీట నొక్కి, స్నానం చేసి, జడ వేసుకుని వచ్చేసరికి నెమ్మదిగా కళ్ళు తెరిచేది. అంతవరకూ ఎలాగో సర్దుకుపోయేవాళ్ళే. ఇంతలో విండోస్ 10కి భద్రతకి సంబంధించిన మార్పులు 2025 అక్టోబరు 14తో ఆపేస్తామని కంపెనీ ప్రకటన. పేరు నమోదు చేసుకున్న వాళ్ళకి మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు దాకా పొడిగింపు ఇచ్చారు గాని, ఆడిటరుగారు ఒప్పుకోలేదు. "పరాయివాళ్ళ లెక్కలమ్మా. కొత్త విండోస్ వున్న మిషనే కావాలి" అన్నారు. విండోస్, టాలీ లైసెన్సులు రెండూ తానే ఇస్తానన్నారు, మిషను మాత్రం మనది. కొత్త విండోస్ ఏమో ఈ పాత మిషనుని గుమ్మం తొక్కనివ్వదు. ఇంటెల్ వాళ్ళ ప్రాసెసరయితే దాదాపు 8వ తరం నుంచే దానికి ప్రవేశం. వాళ్ళింట్లోది 4వ తరం.

"దానికేం, ఒక 35,000 పారేస్తే కొత్తది వస్తుంది. మనమే కొనిపెడదాం" అన్నారు మావారు. మా చెల్లెలు తీసుకోవాలి కదా! భర్త పోయినప్పుడు మేం పెట్టిన ఖర్చులు కూడా చీటీ మీద రాసిపెట్టుకుని, పైసాతో సహా తిరిగిచ్చిన మనిషి అది. "అక్కా, నెలకి 1,000 చొప్పున ఏడాదిలో నేను తీర్చగలిగినంత ఇవ్వు. అంతకు మించి ఒక్క రూపాయి వద్దు" అంది. అంటే 12,000. అందులో మిషను రాకపోతే పిల్ల పని పోతుంది. కొన్నది పాడైతే మళ్ళీ కొనడానికి రెండో 12,000 లేదు. నేను నోరు మూసుకుని సరేనన్నాను.

అంచేత పాత పార్టులు.

ఆ పెట్టెలో ఏమేముంటాయో పిల్ల నాకు ఓపిగ్గా చెప్పింది. అది దాని భాషలో చెప్పింది, నేను వంటింటి భాషలో అర్థం చేసుకున్నాను. ప్రాసెసరంటే వంటమనిషి. ర్యామంటే వంటింటి గట్టు, అంటే కూరలూ పళ్ళేలూ పరుచుకుని పని చేసుకునే జాగా. డిస్కంటే సామాన్ల గది. మదర్ బోర్డంటే వీటన్నిటినీ కలిపి వుంచే ఇల్లు. పవర్ సప్లై అంటే గ్యాసు సిలిండరూ, రెగ్యులేటరూ. పాత మిషనుకి గట్టు 4 జీబీయే. సామాన్ల గదేమో గిర్రున తిరిగే హార్డు డిస్కు, ఉప్పు తెమ్మంటే ఊరంతా తిరిగొచ్చే రకం.

గట్టొక్కటీ పెంచితే పోయేదని నేననుకున్నాను. కాని మార్చాల్సింది వంటమనిషిని. కొత్త వంటమనిషి పాత ఇంట్లో ఇమడదు, అంచేత ఇల్లూ మారాలి. ఇల్లు మారితే పాత గట్టు అందులో పట్టదు. పాతది డీడీఆర్3 రకం ర్యాము, ఇప్పుడు కావలసింది డీడీఆర్4. రెండిటికీ కింద గాడి ఒకే చోట వుండదు, ఎంత నొక్కినా దూరదు. చీరె ఒకటి కొంటే జాకెట్టూ, ఫాల్సూ, లంగా తగులుకున్నట్టే. ఇక మార్చనక్కర్లేనివి పైపెట్టె, మానిటరు, కీబోర్డు, మౌసు.

ఇప్పుడు ఏది పాతది కొనొచ్చు, ఏది కొనకూడదు? అసలు కిటుకంతా ఇక్కడే వుంది. ప్రాసెసరులో కదిలేదీ అరిగేదీ ఏమీ లేదు. వేడికి మాడిపోకుండా చూసుకుంటే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ర్యామూ దాదాపు అంతే. ఈ రెండూ ఇత్తడి సామాన్లలాంటివి, పాతవని వెనకాడక్కర్లేదు. బోర్డు మధ్యరకం, కళ్ళు పెట్టుకుని చూసి కొనాలి. హార్డు డిస్కు తిరిగేది గనక అరుగుతుంది. ఎస్.ఎస్.డి. అని కొత్తరకం డిస్కు వుంది, అందులో తిరిగేదేమీ లేదు గాని, రాసిన కొద్దీ ఆయుష్షు తగ్గుతుంది. పవర్ సప్లై మాత్రం పాతది ఊరికే ఇచ్చినా తీసుకోకూడదని నా అభిప్రాయం. కుక్కరు పాతదైనా పరవాలేదు, సేఫ్టీ వాల్వు పాతది వాడతామా? పవర్ సప్లై లోపలి కెపాసిటర్లు వేడికి ఏళ్ళ మీద ఎండిపోతాయి. అది పోయేటప్పుడు ఒక్కతే పోతుందన్న నమ్మకం లేదు, బోర్డుని కూడా తోడు తీసుకుపోవచ్చు. వాళ్ళింట్లోది అప్పటికి 11 ఏళ్ళది. నడుస్తూనే వుంది. అయినా దాన్ని మార్చాల్సిందేనని ఇద్దరం ఒక మాట మీదకొచ్చాం.

సికింద్రాబాదులో పారడైజ్ దగ్గర, పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని వుంది. సీటీసీ అంటే చాలు ఆటోవాళ్ళకి తెలుస్తుంది. జంటనగరాల్లో కంప్యూటరు అసెంబుల్ చేయించుకున్న కుటుంబాల్లో చాలామందికి దానితో చుట్టరికం వుంటుంది. 2025 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, పాత పెట్టెని చంటిపిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తున్నట్టు ఒళ్ళో కూచోబెట్టుకుని ఆటోలో బయల్దేరాం. మావారు వస్తానన్నారు, నేనే వద్దన్నాను. ఆయన పక్కనుంటే బేరం సాగదు. "పోనీలేవే" అనేస్తారు.

ఈ పాత పార్టులన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగితే దుకాణాల్లో చెప్పిందొకటే. పెద్ద పెద్ద ఆఫీసులు మూడు నాలుగేళ్ళకోసారి తమ కంప్యూటర్లన్నీ ఒక్కసారే తీసేస్తాయట. పాడైపోయి కాదు, లెక్కల్లో వాటి వయసు అయిపోయి. పదవీ విరమణ చేసిన గుమాస్తాలన్నమాట. ఆరోగ్యంగానే వుంటారు, కుర్చీ మాత్రం వుండదు.

మొదటి దుకాణంలో "8వ తరం ప్రాసెసరుకి బోర్డు కావాలి" అనగానే ఒక బోర్డు తీసి బల్ల మీద పెట్టాడు. మర్యాదస్తుడిలానే వున్నాడు. "1151 సాకెట్టే మేడమ్, మీ ప్రాసెసరు కరెక్టుగా కూర్చుంటది" అన్నాడు. పిల్ల బోర్డుని అటూ ఇటూ తిప్పి, అంచున చిన్న అక్షరాలు చదివి, "ఇది హెచ్110 అండీ. 6, 7 తరాలది. మాకు హెచ్310 కావాలి" అంది. చిత్రమేమిటంటే రెండింటి సాకెట్టుకీ పేరు 1151యే. ప్రాసెసరు చక్కగా కూచుంటుంది కూడా. కాని నడవదు. చూడ్డానికి ఒకే కొలత జాకెట్టే, తొడుక్కుంటే చంకలో పట్టేసినట్టు. అతను నవ్వేసి "అచ్ఛా, మీకు తెలుసన్నమాట" అన్నాడు. మాకు తెలియకపోతే ఏమయ్యేదో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు. లేచి వచ్చేశాం.

రెండో అంతస్తులో ఇంకో దుకాణం. పాతికేళ్ళ కుర్రాడు. మూడు హెచ్310 బోర్డులు తెచ్చి ముందు పెట్టాడు. ఇక్కడ నా కళ్ళజోడుకి పని తగిలింది. ఇంటెల్ ప్రాసెసరుకి కింద సూదులుండవు, సూదులన్నీ బోర్డు మీద సాకెట్టులో వుంటాయి, వెయ్యికి పైగా. సెల్‌ఫోను లైటు వేసి ఏటవాలుగా చూస్తే వరసలన్నీ నాటిన మడిలా ఒకే వైపుకి వాలి కనిపించాలి. ఒక్క మొక్క పక్కకి వంగినా వెలుగు తేడాగా మెరుస్తుంది. మొదటి బోర్డులో మూల మీద రెండు సూదులు పడుకున్నాయి. పక్కన పెట్టాం. రెండోదాంట్లో సూదులు బాగానే వున్నాయి గాని, బోర్డు మీద నిలబడి వుండే చిన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లలో ఒకదాని నెత్తి పూరీలా పొంగింది. నెత్తి చదునుగా వుండాలి, పొంగిందంటే దాని పని అయిపోయినట్టే. మూడోది నచ్చింది. నేను ఆవకాయకి మామిడికాయలు ఏరేటప్పుడు పక్కనుండి చూసిన పిల్ల కదా, ఏరడం దానికీ వచ్చింది.

"ఆంటీ, మీరు గింత చూస్తుంటే నాకే భయమైతుంది" అన్నాడు కుర్రాడు.

"భయపడకు నాయనా, డబ్బులిచ్చే ముందే చూస్తాం. ఇచ్చాక నీ జోలికి రాం" అన్నాను.

ప్రాసెసరు ఐ3-8100. నాలుగు కోర్లది, 2017లో విడుదలైంది. టాలీకీ రిటర్నులకీ అది ధారాళంగా చాలు. పైమూత మీద చెక్కి వున్న అంకెలు చదివి, అతని బల్ల మీదే బోర్డుకి బిగించి, సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో పేరు సరిచూసుకున్నాం. ర్యాముని రెండు గాళ్ళలోనూ మార్చి మార్చి పెట్టించాం. వెనకాల వున్న ప్రతి యూఎస్‌బీ కన్నంలోనూ పెన్‌డ్రైవు పెట్టి చూశాం. కొత్త విండోస్ అడిగే టీపీఎం 2.0 ఆ బోర్డు సెట్టింగుల్లో వుందో లేదో చూశాం. అరగంటపాటు మిషను నడిచింది. నడిచినంతసేపూ నేను స్టూలు మీద కదలకుండా కూచున్నాను. టీ తెప్పిస్తానన్నాడు, వద్దన్నాను. టీ తాగాక బేరమాడ్డం కష్టం.

"గేములకి పాత గ్రాఫిక్స్ కార్డు వేస్తారా?" అని కూడా అడిగాడు. మాకక్కర్లేదు. ఎవరికైనా కావాలంటే ఒక్క మాట. ఈథరు అనే డిజిటల్ నాణేన్ని ఈ కార్డులతో తవ్వే పద్ధతి 2022 సెప్టెంబరుతో ఆగిపోయింది. అంతకు ముందు రాత్రీ పగలూ అందులో గానుగెద్దులా తిరిగిన కార్డులు చాలా బజారుకొచ్చాయి. వాటికి కొమ్ములకి రంగేసి అమ్మేవాళ్ళుంటారు.

ఆ తరువాత డిస్కులు. కొత్త ఎస్.ఎస్.డి. కొందామనే వెళ్ళాం గాని, "500కి పాత హార్డు డిస్కు ఇస్తా ఆంటీ, ఫోటోలకి పనికొస్తది" అన్నాడు. చూద్దాం పెట్టమన్నాం. హార్డు డిస్కు తాను ఎన్ని గంటలు నడిచిందో తనలోనే రాసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఇంకో ఉచిత ప్రోగ్రాం ఆ లెక్క చదివి చెబుతుంది. చూస్తే 31,000 గంటలు! పిల్ల నోటిలెక్క కట్టి, "పెద్దమ్మా, ఏడాదికి 8,760 గంటలు. మూడున్నరేళ్ళు ఒక్క నిమిషం నిద్రపోకుండా తిరిగింది" అంది. ఏ అపార్టుమెంటు సీసీ కెమెరాకో కాపలా కాసి వుంటుంది పాపం. ఆ గంటల లెక్కనైనా కళ్ళు మూసుకుని నమ్మడానికి లేదు. వాడేసిన డిస్కుల్లో ఆ లెక్క చెరిపేసి కొత్తవిగా అమ్మిన వ్యవహారం 2025 మొదట్లో జర్మనీలో బయటపడింది.

"ఇది ఇళ్ళల్ల వాడింది" అని ఇంకోటి తగిలించాడు. గంటలు తక్కువే. కాని తెర మీద కిటికీ తెరుచుకుని, అందులో బొమ్మలు వరసగా ప్రత్యక్షమయ్యాయి. ఎవరిదో అన్నప్రాశన. పట్టులంగా కట్టిన పసిపాప, ముందు పుస్తకం, కలం, బంగారపు గొలుసు. పాప చెయ్యి గొలుసు మీద. వెనకాల నవ్వుతున్న అమ్మమ్మలూ నాయనమ్మలూ. ఎవరింటివాళ్ళో, ఏ వూరో. మా ఇద్దరికీ నోట మాట రాలేదు. కుర్రాడు మామూలుగా "ఫార్మాట్ కొట్టి ఇస్తా" అన్నాడు.

ఇది మాత్రం మీరు గుర్తుంచుకోవాలి. కంప్యూటర్లో ఫైలు తీసేయడమంటే డబ్బా మీద అంటించిన చీటీ పీకెయ్యడమే. లోపల కందిపప్పు అలాగే వుంటుంది. క్విక్ ఫార్మాట్ అంటే డబ్బాలన్నిటి చీటీలూ ఒకేసారి పీకడం. కావాలనుకున్నవాడు మూత తీసి చూసుకోగలడు. హార్డు డిస్కుని అమ్మేముందు ఆ క్విక్ అన్నచోట టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చెయ్యాలి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి. అదీ డబ్బా ఖాళీ చేసి కడిగినట్టు. ఎస్.ఎస్.డి.కి ఆ కంపెనీవాళ్ళే చెరిపే ప్రోగ్రాం ఇస్తారు, అది వాడాలి. ఫోటోలంటే ఫోటోలే కావు, బ్యాంకు కాయితాలు, ఆధార్ నకళ్ళు, పాన్ కార్డులు అన్నీ అందులోనే వుంటాయి కదా.

మేం కొత్త ఎస్.ఎస్.డి. తీసుకున్నాం, 256 జీబీది. పవర్ సప్లై కొత్తది. చేత్తో ఎత్తి చూసి మరీ తీసుకున్నాను. తేలిగ్గా దూదిపెట్టెలా వుండే చవకరకాలున్నాయి, అవి వద్దన్నాను. లెక్క ఇదీ: బోర్డు 2,800, ప్రాసెసరు 3,000, 8 జీబీ ర్యాము 1,200, ఎస్.ఎస్.డి. 1,700, పవర్ సప్లై 2,300. ప్రాసెసరు నెత్తిన పెసరగింజంత రాసే పేస్టూ, బోర్డు మీద గడియారానికి రూపాయి బిళ్ళంత బ్యాటరీ కలిపి 150. మొత్తం 11,150. అతను మొదట చెప్పింది 13,000 పైచిలుకు. అదెలా దిగిందో రాస్తే మరో వ్యాసం అవుతుంది.

"పాతవాటికి గ్యారంటీ లేదాంటీ. వారం రోజులు చెక్ చేసుకోండి. ఏమన్నా వుంటే మారుస్తా. మా స్టిక్కరు చింపొద్దు" అన్నాడు. ఆ వారం రోజుల మాట బిల్లు మీద రాయించుకున్నాను.

ఆ కాయితమే పనికొచ్చింది. ఇంటికొచ్చి ఆ రాత్రి పిల్ల మెమ్‌టెస్ట్ అనే పరీక్ష పెట్టి పడుకుంది. ర్యాములో ప్రతి గడిలోనూ రాసి, చదివి, మళ్ళీ రాసి చూసే పరీక్ష అది. తెల్లవారి చూస్తే తెర మీద ఎర్రటి గీతలు రెండు. రెండే గదా అని వూరుకుంటే? లెక్కల్లో ఒక సున్నా ఎటు పోయిందో ఎవరికి తెలుస్తుంది! అరగంట నడిచి చూపించినప్పుడు బయటపడని జబ్బు రాత్రంతా కూచోబెడితే బయటపడింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ కుర్రాడు బిల్లు చూసి, పేచీ లేకుండా వేరే ముక్క ఇచ్చాడు. దాన్ని రెండు రాత్రులు పరీక్షలో పెట్టాం. ఒక్క గీత కూడా రాలేదు. ఆ నెల 20వ తేదీ రిటర్నులు 18నే వెళ్ళిపోయాయి.

మా అదృష్టమనే అనాలి. 2025 చివరికొచ్చేసరికి కొత్త ర్యాము ధరలు ఆకాశానికెక్కాయి. కృత్రిమ మేధ కోసం పెద్ద కంపెనీలు మెమొరీ చిప్పులు కుప్పలుగా కొనేస్తుంటే, ఇళ్ళల్లో వాడేవాటికి కరువొచ్చిందిట. కొత్తవాటి వెంట పాతవీ పెరిగాయి. అప్పుడు బయల్దేరి వుంటే ఈ 12,000లో తేలేవాళ్ళం కాదు.

పాత బోర్డు, ప్రాసెసరు, ర్యాము కలిపి ఆ కుర్రాడే 1,300కి తీసుకున్నాడు. పాత హార్డు డిస్కుకి కూడా 200 ఇస్తానన్నాడు. ఫోను చేసి చెబితే మా చెల్లెలు ఒక్క క్షణం మాట్లాడలేదు. "అందులో ఆయన స్కాన్ చేయించిన మా పెళ్ళి ఫోటోలున్నాయే" అంది. పిల్ల అవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించేసింది, ఇంకో పెన్‌డ్రైవులో కూడా పెట్టింది. అయినా సరే, ఆ డిస్కు అమ్మనంది. జేబురుమాల్లో చుట్టి బీరువాలో పెట్టుకుంది. దాన్నేమీ అనలేదు నేను.

లెక్క తేలాక అప్పు 9,850 అయింది. అక్టోబరు ఒకటో తారీఖున 1,000 రూపాయలు కవరులో పెట్టి తెచ్చింది. మావారు "ఎందుకమ్మా" అనబోతుంటే కళ్ళతోనే వారించి, కవరు తీసుకుని, దాని ఎదురుగానే లెక్కపెట్టుకున్నాను.